మూతల ఫ్యాక్టరీలో చెవుల పరీక్ష

మా ఫ్యాక్టరీలో మూతలు చేస్తారు. డబ్బాల మూతలు, సీసాల మూతలు, గిన్నెల మూతలు. ఈ పక్క రేకు లోపలికి వెళ్తుంది, ఆ పక్క మూత బయటికొస్తుంది. మూతకన్నా ముందు మోత వస్తుంది. ప్రెస్సుల షెడ్డులో అడుగుపెట్టిన వాడి నోరు దానంతటదే మూతపడుతుంది, తెరిచి లాభం లేదు కనక. అరిచినవాడికి గొంతు పోతుంది, పక్కవాడికి చెవి పోతుంది, మాట మాత్రం ఎక్కడికీ పోదు.

నేను ఆ పక్కనే ప్యాకింగు షెడ్డులో పనిచేస్తాను. మూతల్ని అట్టపెట్టెల్లో సర్ది లారీకెక్కించడం మా పని. ప్రెస్సుల వాళ్ళది మోగే మోత, మాది మోసే మోత. సర్దడం మా ఉద్యోగం, సర్దుకుపోవడం మా గుణం.

షెడ్డు నడిమధ్యనున్న పెద్ద ప్రెస్సు పేరు అత్తగారు. పొద్దున్న నోరు తెరిస్తే సాయంత్రం దాకా మూయదు, ఇంకొకరిని మాట్లాడనివ్వదు, కాలు నేలకేసి కొడితే ఆవరణంతా అదురుతుంది. చుట్టూ ఉన్న చిన్న ప్రెస్సులు కోడళ్ళు. అవీ తక్కువ తిన్నవేం కావు గానీ, అత్తగారు అందుకుంటే వాటి గొణుగుడు పైకి రాదు. మా యజమాని ఈ అత్తగారిని పాత సామాన్ల కొట్టులో కొనుక్కొచ్చి, వయసులో ఉండగా స్వయంగా తనే నడిపి, ఫ్యాక్టరీని ఇంతదాన్ని చేశాడు. ఇప్పుడు దాన్ని నడిపేది మా బావ, అంటే మా అక్క మొగుడు. సొంత అత్తగారి ముందు, అనగా మా అమ్మ ముందు, కుర్చీలో కూడా సరిగ్గా కూర్చోలేని మనిషి, ఈ అత్తగారి మెడలు వంచి రోజంతా పని చేయిస్తాడు.

మాట చెల్లని చోట మనిషి ఊరుకోడు కదా. ప్రెస్సుల వాళ్ళు చేతులతో మాట్లాడుకుంటారు. మణికట్టు మీద తడితే టైమెంతని. చెవి వెనక చిటికెన వేలు పెడితే సూపర్‌వైజరు వస్తున్నాడని, ఎందుకంటే ఆయన పెన్సిలు అక్కడ ఉంటుంది. బుగ్గలు ఉబ్బిస్తే యజమాని. ఈ భాషలో వాళ్ళు వేళాకోళాలాడతారు, సంబంధాలు కుదుర్చుకుంటారు, బూతులు కూడా తిట్టుకుంటారు. చేతులతో ఎంత తిట్టుకున్నా ఒకరి మీద ఒకరు చెయ్యి చేసుకోవడం మాత్రం నేనెన్నడూ చూడలేదు.

ఆ మధ్య ఫ్యాక్టరీల తనిఖీ అధికారి వచ్చి యజమాని గదిలో చాలాసేపు కూర్చుని వెళ్ళాడు. తర్వాత నోటీసు బోర్డు మీద కాగితం వెలిసింది. చట్టప్రకారం మోతలో పనిచేసే వాళ్ళందరికీ వినికిడి పరీక్ష జరుగుతుంది, అందరూ తప్పక హాజరు కావాలి. అంతే. చట్టం మాకు దూరపు చుట్టం. ఉందని విన్నాం గానీ మా గుమ్మం తొక్కింది లేదు. తొక్కినా ఎప్పుడూ యజమాని గదికే వెళ్ళి, అటునుంచి అటే పోయేది.

యజమాని సగమే రాశాడు కాబట్టి మిగతా సగం మేం పూరించాం. చెవులు పోయినవాళ్ళని ఏరి పారేయడానికే పరీక్ష అని ఒకరంటే, ఆల్రెడీ లిస్టు తయారైందని ఇంకొకరన్నారు. షెడ్డంతా చెవులు కొరుక్కోవడమే. వినపడని చెవులు కొరుక్కోవడంలో ఒక సుఖం ఉంది. ఎవడు వినదలచుకున్నది వాడు వింటాడు.

అందరికన్నా ఎక్కువ బెదిరిపోయింది మా బావ. ఆయనకి చెవులు సరిగ్గా లేవని ఇంట్లో వాళ్ళకీ నాకూ తెలుసు, ఫ్యాక్టరీలో తెలియనివ్వలేదు. సైగలుండగా తెలియాల్సిన అవసరమూ రాలేదు. పెదాలు కదిలితే నవ్వుతాడు, కనుబొమలు లేస్తే తలూపుతాడు, ఎదుటివాడు ముఖం బాధగా పెడితే తనూ బాధగా పెడతాడు. ప్రెస్సు తప్ప ఇంకో పని చేసి ఎరగడు. అమ్మాయి చదువు ఇంకా సగంలో ఉంది. అత్తగారి దగ్గర్నుంచి తీసేస్తే తన మొహం ఎవడు చూస్తాడని నాతో ఒకటే గోల.

దానికి ఉపాయం కనిపెట్టినవాడు నిచ్చెన. ఒక కోడలి దగ్గర పనిచేసే పొడుగాటి మనిషి, అందుకే ఆ పేరు. పరీక్ష చేసే వ్యాను వచ్చి సరిగ్గా మా ప్యాకింగు షెడ్డు కిటికీ ముందు ఆగింది. లోపల ఒక అద్దాల గూడు. అందులో మనిషిని కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక బొత్తం ఇస్తారు. కూత వినపడగానే బొత్తం నొక్కాలి. కూత పెట్టే పరీక్షకురాలు గూడు బయట, మాకు వీపు పెట్టి, స్టూలు మీద కూర్చుంది. తలుపు తీసే ఉంది. మా కిటికీలోంచి చూస్తే ఆవిడ వేలు మీటని తాకడం తేటతెల్లంగా కనిపిస్తుంది. గూట్లో కూర్చున్నవాడికి ఆవిడ భుజం మీదుగా మా కిటికీ కనిపిస్తుంది. ఇంకేం కావాలి? నిచ్చెన మా కిటికీలో నిలబడ్డాడు. ఆవిడ మీట తాకగానే వీడు ముక్కు మీద వేలేసుకుంటాడు. లోపలివాడు బొత్తం నొక్కుతాడు. ప్రెస్సుల వాళ్ళకి నొక్కడం వేరే నేర్పాలా?

బావ లోపలికి తల వంచుకుని వెళ్ళాడు, వచ్చేటప్పుడు మీసం లేచింది. ఒక్క కూత కూడా వదల్లేదు. ప్రెస్సుల షెడ్డులో ఎవ్వరూ వదల్లేదు. అదే కొంప ముంచింది. మనిషన్నవాడికి వినపడని కూతలు కూడా వీళ్ళు విన్నారు. ఆవిడ కూత పెట్టకుండా మీట తుడుచుకుంటే అదీ విన్నారు. పోలిక కోసం కూర్చోబెట్టిన, నిశ్శబ్దమైన గదిలో కాగితాలు తిప్పుకుంటూ బతికిన గుమాస్తా చెవులు వయసుకి తగ్గట్టు కాస్త మందగించాయట. అత్తగారి పక్కన నిలబడి తల నెరిసిన మా బావ చెవులు మాత్రం అప్పుడే పుట్టిన పసిపాపవిట.

ఆ సంగతి మధ్యాహ్నానికల్లా తెలిసి యజమాని ఉబ్బి తబ్బిబ్బయ్యాడు. తనిఖీ అధికారి ఆయనకి చెప్పి వెళ్ళిందేమిటంటే, పరీక్షలో చెవులు చెడినట్టు తేలితే మోత తగ్గించాలి, అంటే అత్తగారి చుట్టూ చప్పుడు బయటికి రాని గది కట్టించాలి. కొలతలు తీసుకోవడానికి మేస్త్రీ కూడా వచ్చి ఉన్నాడు. బంగారం లాంటి చెవులకి గదెందుకని యజమాని ఆయన్ని అటునుంచి అటే పంపించేశాడు. అత్తగారి వేరు కాపురం ఆగిపోయింది.

వ్యానుతో పాటు వచ్చిన డాక్టరమ్మ మాత్రం రిపోర్టు మీద ఇంకా సంతకం పెట్టలేదనీ, ముందు షెడ్డు చూడాలనీ అంది. దారి చూపించమని నన్ను పంపారు. ముందు ఆవిడ మా కిటికీ దగ్గరికొచ్చి కాసేపు నిలబడి, వ్యానువైపు చూసింది. పొద్దుట్నుంచి ఇక్కడ ఒక పొడుగాయన ముక్కు మీద వేలేసుకుని నిలబడ్డాడని, తమ వ్యాను చూసి అంతలా ఆశ్చర్యపోతున్నాడేమో అనుకున్నానని, మెల్లిగా నాతో అంది. నేను అట్టపెట్టె ఒకటి అందుకున్నాను.

షెడ్డులోకి వెళ్ళాం. అత్తగారు ఫుల్లు గొంతులో ఉంది. నిచ్చెన చేతులతో ఎవరీవిడని అడుగుతున్నాడు, బావ మెడలో గొట్టం వేలాడుతున్నట్టు చూపించి డాక్టరని చెబుతున్నాడు. ఆవిడ ఆ చేతులకేసి చాలాసేపు చూసింది. తర్వాత బావ ఎదురుగా వెళ్ళి నిలబడి, ఏమీ ఎరగనట్టు తన ముక్కు మీద వేలేసుకుంది.

బావ బొటనవేలు గాల్లో బొత్తం నొక్కేసింది. మనిషి ప్రమేయం లేకుండా దానంతటదే. అటుపక్క నిచ్చెన వేలూ నొక్కింది. డాక్టరమ్మకి నవ్వొచ్చింది గానీ బావ మొహంలో నెత్తుటి చుక్క లేదు.

టీ విరామంలో ఆవిడ ప్రెస్సుల వాళ్ళనందరినీ మా షెడ్డులో కూర్చోబెట్టింది. మోసం అనే మాట ఎత్తలేదు. అసలీ పరీక్షే చెల్లదంది. పొద్దుట్నుంచి మోతలో నానిన చెవులకి పరీక్ష పెట్టకూడదు, రాత్రంతా విశ్రాంతి తీసుకున్న చెవులకే పెట్టాలి. యజమాని తొందరపెడితే తనూ ఒప్పుకుంది, అది తన పొరపాటు. అందుకని రేపు పొద్దున్న ప్రెస్సులు మొదలెట్టక ముందే మళ్ళీ పరీక్ష. వ్యాను గోడవైపు తిప్పి పెడతారు.

ఆ తర్వాత నోటీసు బోర్డు మీద లేని సగం చెప్పింది. పరీక్ష ఖర్చు యజమానిదే, పరీక్షలో గడిచిన సమయం డ్యూటీ కిందే లెక్క. ఎవరి చెవి సంగతి వాళ్ళకే చెబుతారు. యజమానికి వెళ్ళేది ఒక్కటే, ఈ మనిషి ఏ పనికి తగును, ఏ పనికి తగడు, అక్కడ ఏం మార్చాలి అని. మోత వల్ల చెవి చెడితే ఆ మోత తగ్గించడం యజమాని బాధ్యత. జీతం కొయ్యకుండా వేరే పని చూపించాలి. తన మోతతో చెడిన చెవి సాకుగా మనిషిని గేటు బయటికి పంపకూడదు. చెవులకి పెట్టుకునే మూతలు కూడా ఆయనే ఇవ్వాలి. అది విన్నాక మేం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ఊళ్ళో ప్రతి డబ్బాకీ మూత చేసే వాళ్ళం, మా చెవులకొక మూత ఉండాలని మాకే తట్టలేదు.

నిచ్చెన లేచి, "రాసి ఉండేది వేరు, జరిగేది వేరు కదమ్మా?" అన్నాడు.

"వేరైతే మళ్ళీ వస్తాను. తనిఖీ ఆయన్ని కూడా వెంటబెట్టుకొస్తాను," అంది డాక్టరమ్మ. "కానీ రేపు కూడా మీరిలాగే పాసైపోతే నేనేం చెయ్యలేను. బాగున్న చెవుల కోసం గది కట్టించమని ఏ చట్టమూ అడగదు."

బావకి ఎంతవరకు వినపడిందో అని సాయంత్రం నేనే వాళ్ళింటికెళ్ళి అంతా మళ్ళీ చెప్పాను.

మా అక్కావాళ్ళింట్లో టీవీ పెడితే పక్కింటివాళ్ళు చూడక్కర్లేదు, గిన్నెలు తోముకుంటూ వింటే చాలు. బావ టీవీ ముందు కూర్చుని తన బాధంతా వెళ్ళబోసుకున్నాడు. డాక్టరమ్మలు వస్తారు, పోతారు. ఫ్యాక్టరీలో ఉండాల్సింది తను. చట్టాన్ని నమ్ముకుని గూట్లో కూర్చుని, ఆ తర్వాత గేటు దగ్గర నిలబడాల్సి వస్తే ఎవరు దిక్కు? రేపు ఒంట్లో బాలేదని సెలవు పెట్టేస్తే ఎలా ఉంటుందని నన్నడిగాడు.

అక్క వంటింట్లోంచి వచ్చి ఆయనకెదురుగా కూర్చుంది. ఆయనతో మాట్లాడాలంటే ఎదురుగా కూర్చోవడం ఆమెకి ఎప్పుడో అలవాటైపోయింది.

"నిన్న అమ్మాయి ఫోన్ చేస్తే ఏమన్నారు?"

"ఏమన్నాను? సరే సరే, అలాగే కానియ్యమ్మా అన్నాను."

"అదేమడిగిందో తెలుసా? నాన్నా, నీకు ఒంట్లో బాగుంటోందా అని."

బావ తల తిప్పుకుని టీవీ చూడసాగాడు. టీవీలో ఎవరో ఘోరంగా ఏడుస్తున్నారు. అక్క రిమోట్ తీసుకుని చప్పుడు పూర్తిగా తీసేసింది. ఇల్లంతా ఒక్కసారిగా ఖాళీ అయిపోయినట్టయింది. ఆ సంగతి నాకు తెలిసింది. బావకి తెలియలేదు. అలాగే చూస్తూ కూర్చున్నాడు.

కాసేపటికి అక్క మొహం చూసి, నా మొహం చూసి, అక్క చేతిలో రిమోట్ చూసి, అర్థం చేసుకున్నాడు.

"రేపు అంతా తేలిపోతే?" అన్నాడు చివరికి.

"తేలనివ్వండి. ఇన్నాళ్ళూ మునిగింది చాలు," అంది అక్క.

మర్నాడు పొద్దున్న ఆవరణలో అడుగుపెడితే కొత్త చోటికి వచ్చినట్టుంది. ప్రెస్సులు ఇంకా మొదలవలేదు. గోడ మీద కాకి అరిస్తే కాకి అరిచినట్టే ఉంది. వ్యాను గోడవైపు తిరిగి ఉంది. నిచ్చెన ఎవరూ అనుమానించకుండా రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో దోపుకుని నిలబడ్డాడు. అతన్ని చూసి మిగతావాళ్ళూ చేతులు కట్టేసుకున్నారు. వాళ్ళు చేతులు కట్టుకోవడమంటే మనం నోరు కట్టుకున్నట్టు. ప్రెస్సుల షెడ్డు అంత మౌనంగా ఉండగా చూడటం నాకదే మొదలు.

ముందు వెళ్ళింది బావే. గోడ పక్కనుంచి తొంగిచూస్తే, గూట్లో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. నిన్న ఒక్క క్షణం ఆగని బొటనవేలు ఇవాళ బొత్తం మీద పడుకుని, ఎప్పుడో ఒకసారి లేచి, మళ్ళీ పడుకుంది. ఆ మధ్యలో ఎన్ని కూతలు వచ్చి పోయాయో పరీక్షకురాలికే తెలియాలి. బయటికొచ్చాక డాక్టరమ్మ ఆయన్ని పక్కన కూర్చోబెట్టి, మొహం ఎదురుగా పెట్టి, నిదానంగా చెప్పింది. ఆ తర్వాత బావ నాకు చెప్పాడు. సన్నటి చప్పుళ్ళు రెండు చెవుల్లోనూ పోయాయి. పోయినవి తిరిగిరావు. ఉన్నవాటిని కాపాడుకోవచ్చు. వినికిడి యంత్రం పెట్టుకుంటే ఫోనులో మాట తెలుస్తుంది. అది కూడా కంపెనీయే కొనివ్వాలి. బావ ఇదంతా పాఠం అప్పజెప్పినట్టు చెప్పి, ఇక నా ఉద్యోగం సంగతి చూడాలి అన్నట్టు యజమాని గదివైపు చూశాడు.

యజమాని అప్పటికే విసవిసా వస్తున్నాడు. డాక్టరమ్మ ఇచ్చిన కాగితంలో, గది కట్టేదాకా ఈ మనిషిని పెద్ద ప్రెస్సు దగ్గర ఉంచకూడదు, జీతం తగ్గకుండా వేరే పని ఇవ్వాలి, అని ఉంది. నిన్న బంగారం, ఇవాళ తుప్పా, ఇదేం పరీక్ష అని ఆయన గట్టిగా అడిగాడు. డాక్టరమ్మ మామూలు గొంతుతో జవాబు చెప్పింది.

"ఏంటి?" అన్నాడు యజమాని.

ఆవిడ మళ్ళీ చెప్పింది. ఆయన మళ్ళీ ఏంటన్నాడు. మూడోసారి ఆవిడ చెప్పడం మానేసి, మీరూ ఒకసారి గూట్లో కూర్చోండి అని చేత్తో చూపించింది. చట్టం యజమానుల చెవుల గురించి ఏమీ చెప్పలేదని ఆయనన్నాడు. చెప్పలేదు, ఊరికే కూర్చోండి అని ఆవిడంది. అందరూ చూస్తుండగా వెనక్కి తగ్గడం బాగోదనుకున్నాడో ఏమో, ఆయన లోపలికెళ్ళి కూర్చున్నాడు. పరీక్షకురాలు మీట తాకుతూనే ఉంది. ఆయన ఎదురు చూస్తూనే ఉన్నాడు. మధ్యలో ఒకసారి హెడ్‌ఫోన్లు తీసి, ఇంకా మొదలెట్టలేదా అని అడిగాడు.

బయటికొచ్చినప్పుడు నడక మారింది. ఎవరితోనూ మాట్లాడకుండా బావని వేలితో పిలిచి తన గదిలోకి తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ కూడా వెళ్ళి, తలుపు దగ్గరగా వేసింది. ఒకరి ఆరోగ్యం సంగతి రహస్యంగా ఉంచాలి కదా మరి.

రహస్యమే. కాకపోతే ఇద్దరికీ వినపడదు. ప్రెస్సులు మొదలవలేదు. ఆవరణంతా స్పష్టంగా వినపడింది.

"రెండు చెవులూ పోయాయా?" అని యజమాని గొంతు.

"రెండూనండి."

"నావీ అంతేనట. నేను చెప్పింది వినట్లేదని మా ఆవిడ రోజూ గొడవ."

"మా ఇంట్లోనూ నాకదే పేరండి."

నిచ్చెన జేబుల్లోంచి చేతులు తీసేశాడు.

"నిన్ను అత్తగారి దగ్గర్నుంచి తీసేస్తున్నా," అంది యజమాని గొంతు.

మా గుంపంతా గుమ్మం దగ్గరికి జరిగింది. లోపల బావ, "ఏంటండి?" అన్నాడు.

"తీసేస్తున్నా అన్నాను. డైల గదిలో, మూతల అచ్చుల దగ్గర వేస్తున్నా. డై బిగించడం నీకంటే ఎవడికి తెలుసు? జీతం మారదు. ఆ మేస్త్రీని మళ్ళీ పిలిపిస్తాను, గది కట్టేస్తే తక్కినవాళ్ళ చెవులైనా మిగుల్తాయి. నా దగ్గర ఈ మాట ఎవరన్నా ముందే అని ఉంటే, నేను ఆనాడే..." అని ఆగిపోయి, "అన్నారేమోలే. నాకు వినపడి ఉండదు," అన్నాడు.

డాక్టరమ్మ తలుపు తీసి బయటికొచ్చింది. గుమ్మం దాకా కిక్కిరిసిన మమ్మల్ని చూసి నుదురు పట్టుకుంది. ఉద్యోగి ఆరోగ్యం విషయం బయటికి పొక్కకూడదని చట్టం, మీరెవరూ ఏమీ వినలేదు కదా అని అడిగింది. ప్యాకింగు షెడ్డు తరఫున నేనే జవాబిచ్చాను. మాకు చెవుడండీ అన్నాను.

ఆ తర్వాత మిగతావాళ్ళు ఒక్కొక్కరే నిజాయితీగా గూట్లోకి వెళ్ళొచ్చారు. కొందరికి కొంచెం పోయింది, కొందరికి ఏమీ పోలేదు. మేస్త్రీ కొలతలు తీసుకున్నాడు. గది లేచేదాకా అత్తగారి దగ్గర ఎవరూ రోజంతా ఉండకుండా వంతులు వేశారు. అందరి చెవులకీ మూతలొచ్చాయి, అవి మా ఫ్యాక్టరీ మూతలు కాకపోవడం ఒక్కటే మాకు చిన్నతనం.

బావ డైల గదిలో చేరిన రోజు పెట్టెల లెక్క వంకన నేనూ వెళ్ళి చూశాను. మూతల అచ్చుల్ని ఆకురాయితో రుద్ది నునుపు చేసే చోటు అది. గోడలు మందం, చప్పుడు తక్కువ. అక్కడి ఫిట్టరు పాతకాలం మనిషి, తల వంచి పని చేసుకుంటూ ఏదో అన్నాడు. బావ అలవాటుగా తలూపబోయాడు. సగం ఊపి ఆగాడు.

"నాకు వినపడలేదన్నా. కాస్త ఇటు తిరిగి చెప్పు," అన్నాడు.

ఫిట్టరు ఆకురాయి పక్కన పెట్టి, ఇటు తిరిగి, ఆ స్టూలు కాలు ఊగుతోంది, ఇంకోటి లాక్కో అని చెప్పాడు. బావ ఇంకో స్టూలు లాక్కుని కూర్చున్నాడు.